సర్ రాబర్ట్ మెకారిసన్ దొరగారి చరిత్రము

వరియన్నమే జీవనాధారముగా గల మన నెల్లూరుసీమవారు తెలిసికొనదగిన పేళ్లలో సర్ రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుని పేరు ఒకటి. ఈయన ఐర్లండు ఉత్తరభాగమున పోర్టడౌన్ అను పట్టణమునందు 1878వ సంవత్సరము మార్చి 15వ తేదీని జన్మించెను. బెల్‌ఫాస్టులో వైద్యవిద్య ముగించి, 1901లో ఉద్యోగియై మన దేశమునకు వచ్చెను.

మొదట ఆయన పనిచేసినది చిత్రాల్, గిల్గిట్ అను కొండసీమలలో. అచ్చటి జనులకు మెడమీద గలగండము లేచుచుండెను. త్రాగునీరే దీనికి కారణమని అనుమానించి, ఆ నీటి మడ్డిని తానే త్రాగి పరీక్షించుకొనెను. (విద్యార్థులు ఈ సాహసమును మెచ్చుకొనవచ్చును గాని అనుకరింపరాదు.)

1918లో కూనూరు పాస్ట్యూర్ సంస్థలోని ఒక్క గదిలో ఆయన బెరిబెరి వ్యాధిని గూర్చిన విచారణ నారంభించెను. చెన్నరాజధానిలో ఈ వ్యాధి విశేషముగా తెలుగుతీరమున, అనగా ఉత్తర సర్కారులలో, ఉండెను. తమిళసీమలో అంతగా లేదు. రెండుచోట్లను తినునది అన్నమే గదా, ఈ భేదమేల? దక్షిణాదివారు ఉప్పుడుబియ్యము వాడుచుండిరి. సర్కారులవారు మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యము వాడుచుండిరి. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరయందలి విటమిను గింజలోనికి ఇంకును. పచ్చివడ్లను మరపట్టినయెడల అది తవుడుతో పోవును. మిగిలినది కడుగునీళ్లతోను, వార్చిన గంజితోను పోవును. ఈ విటమినునకు ఇప్పుడు థయామిన్ అని పేరు.

దీనివలన ఘోరమైన నష్టము పొందినవారు పసిబిడ్డలు. తల్లి కడుపునిండ భుజించును, చనుబాలును సమృద్ధిగా నుండును; అయినను ఆ పాలలో థయామిన్ చాలదు. రెండు మూడు నెలల బిడ్డ చూపునకు బొద్దుగా నుండవచ్చును. అది కండ గాదు, నీరు. బిడ్డ పాలు కక్కును, ఎగరోజును. నోరు తెరచి ఏడ్చును గాని గొంతు పెగలదు. ఈ శబ్దములేని ఏడ్పే వైద్యుడు కనిపెట్టవలసిన గురుతు. ఆలస్యమైనచో కొన్ని గంటలలోనే గుండె ఆగును. ఇట్టి మరణమును బాలగ్రహదోషమని తలంచుట ఎంత సులభము! థయామిన్ సూదిమందు వేసినయెడల, చావునకు సిద్ధమైన బిడ్డ గంటలలోనే తేరుకొనును. తల్లికిని మందు ఇయ్యవలెను. లేనిచో పాలు మునుపటి పాలే. మెకారిసన్ తరువాత కూనూరున అధికారియైన అక్రాయిడ్ దొర, కృష్ణన్ గారితో కూడి, 1941లో ఈ బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను గూర్చి ప్రకటించెను.

మెకారిసన్ పని నిరాటంకముగా సాగలేదు. వ్యయము తగ్గింపవలెనని ప్రభుత్వమువారు 1923లో విచారణను నిలిపివేసిరి. బిడ్డల ప్రాణములకు సంబంధించిన పని లెక్కలపుస్తకములో వృథావ్యయముగా కనబడుట మాకు వింతగా తోచుచున్నది. 1925లో మరల ఆరంభమైనది. అప్పుడు ఆయన ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క ప్రాంతపు భోజనము పెట్టెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు గల సిక్కుల ఆహారము తిన్నవి చక్కగా పెరిగెను. వరియన్నమే ప్రధానముగా గల మదరాసువారి ఆహారము తిన్నవి కృశించెను. ఆకలి తీరుట వేరు, పోషణ వేరు అని ఆయన దీనివలన చూపెను. 1928లో పాఠశాలల కొరకు ఆహారమును గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. 1933లో సర్ బిరుదము పొంది, 1935లో పని విరమించి, 1960 మే 18న ఆక్స్‌ఫర్డులో మరణించెను.

కూనూరు సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్నది. అచ్చట డాక్టర్ గోపాలన్ గారు క్వాషియార్కర్ వ్యాధిగల బిడ్డలను పరిశీలించిరి. ఆ వ్యాధియందును బిడ్డ ఉబ్బి, బలిసినట్లు మోసపుచ్చును. రెండు పాదములను వ్రేలితో నొక్కి చూచిన గుంట పడి నిలుచును. ఆరు నెలలు నిండి అయిదేండ్లలోపు బిడ్డ పైచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనను, అట్లు పాదములు వాచినను, తీవ్రమైన పోషణలోపమని యెంచి వెంటనే వైద్యమునకు పంపుదురు. కొలుచుటకు కావలసినది ఒక కాగితపు పట్టీ మాత్రమే.