పక్షవాతాన్ని గెలిచిన పాశ్చర్

సైన్సు విద్యార్థులకు లూయీ పాశ్చర్‌ను పరిచయం చేయనక్కరలేదు. పాలను వేడిచేసి సూక్ష్మజీవుల్ని చంపే పద్ధతికి ఆయన పేరే పెట్టారు. కాని ఆయన చాలా ఏళ్ళు కాలు యీడ్చుకుంటూ నడిచాడని పోయిన ఏడాది దాకా నాకూ తెలియదు.

మాది కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో వొక పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండిస్తాం. పోయిన యాసంగిలో నారుమడి కాడ మా తాత కుప్పకూలిండు. మూతి వంకరపోయింది, ఎడమ చెయ్యి లేవలేదు. యింట్లోవాళ్ళు పసరు తాగించాలన్నారు. సైన్సు చదివేవాణ్ణయి వుండి కూడా నేను నోరు మెదపలేదు. అట్లా వొక పూట పోయింది. తర్వాత సూర్యాపేటకు తీసుకపోతే ప్రాణం దక్కింది గాని కాలూ చెయ్యీ పడిపోయినయి. చూడవచ్చిన చుట్టాలంతా ఆయన పని అయిపోయిందన్నారు. తాతా అదే నమ్మి మంచం పట్టాడు. ఆ రోజుల్లోనే లైబ్రరీలో పాశ్చర్ జీవితచరిత్ర నా చేతికి వచ్చింది.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులోని డోల్‌లో పుట్టాడు. తండ్రి తోళ్ళు పదునుచేసి బతికేవాడు. కొడుకు కష్టపడి చదివి ప్రొఫెసరయ్యాడు. పదార్థాలు పులవడానికి సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. 1865లో, పట్టుపురుగుల తెగులుతో రైతులు మునిగిపోతుంటే, ఆ పరిశోధనకు దిగాడు. 1866 నాటికి ముగ్గురు కూతుళ్ళను పోగొట్టుకున్నాడు. 1868 అక్టోబరు 19న, 45 ఏళ్ళ వయస్సులో, పక్షవాతం కొట్టి ఎడమ భాగం చచ్చుబడింది. వైద్యులు జలగలు పట్టించారు. యింక బతకడనుకొని, ఆయన కోసం కడుతున్న ప్రయోగశాల పనులు కూడా ఆపేశారు. చక్రవర్తి మూడవ నెపోలియన్ మళ్ళీ మొదలుపెట్టించాడు.

పాశ్చర్ మంచం మీది నుంచే పట్టుపురుగుల గురించి శిష్యుని చేత వ్యాసం రాయించాడు. మూడు నెలలకే, 1869 జనవరిలో, ఆ పురుగుల్ని పెంచే దక్షిణ ప్రాంతానికి ప్రయాణమయ్యాడు. కుంటు ఎన్నడూ పోలేదు. అయినా టీకాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి. 1881లో గొర్రెలకు దొమ్మ రోగం టీకా వేసి అందరి ముందు పరీక్షకు నిలిచాడు. టీకా వేసిన గొర్రెలు బతికాయి, వేయనివి చచ్చాయి. సూర్యాపేట పెద్దగట్టు జాతరకు మందలతో వచ్చే వాళ్ళకు ఆ టీకా విలువ నేను చెప్పనక్కరలేదు. 1885లో పిచ్చికుక్క కరిచిన పిల్లవాణ్ణి కాపాడాడు. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.

మెదడులో చచ్చిన కణాలు తిరిగి బతకవు. అయితే మిగిలిన భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. అందుకు అదే పని వందలసార్లు చేయాలి. యీనాడు వర్చువల్ రియాలిటీ పేరుతో చేసేదీ అదే. కళ్ళకు అద్దాల పెట్టె తగిలించి గాని, పెద్ద తెర ముందు గాని రోగిని నడిపిస్తారు. ఎదురుగా బజారు, అడ్డంగా రాయి, దాటవలసిన కాలువ కనిపిస్తాయి. విసుగు తెలియకుండా అడుగులు పడతాయి. మామూలు ఫిజియోథెరపీకి తోడుగా వాడితే కొంత మేలు వుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. దానికి బదులు మాత్రం కాదు.

మా పల్లెలో ఆ యంత్రం లేదు. కాని నడవడానికి వొక పని కావాలన్న సంగతి పాశ్చర్ వల్ల తెలిసింది. ఆయనకు పట్టుపురుగులు, మా తాతకు వరిపొలం. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయించాక, కాలువ నీళ్ళు వచ్చినయో లేదో చూసొద్దామని సెలవుల్లో రోజూ సాయంత్రం లేపుతాను. నా భుజం పట్టుకొని గెట్టు మీద మొదట పది అడుగులు వేశాడు. యిప్పుడు చేతికర్రతో తూము దాకా వస్తున్నాడు. కాలువ దాటడం యింకా చేతకాదు.

మిత్రులారా! మూతి వంకరైనా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు కోసం పరుగెత్తకండి. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే వెయ్యాలి. నేను పోగొట్టిన పూట మీరు పోగొట్టవద్దు.