సూరి భగవంతముగారు

నాటి కృష్ణాజిల్లాలోని ఆగిరిపల్లియందు 1909వ సంవత్సరమున జన్మించిన సూరి భగవంతముగారి పేరు మన ప్రాంతపు పెద్దలు వినియుందురు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను, రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగను పనిచేసిరని పలువురెరుగుదురు. వారి ఘనత ఆ పదవులకంటె స్ఫటికముల పరిశోధనయందే హెచ్చుగ నున్నదని నా యభిప్రాయము.

హైదరాబాదు నిజాం కళాశాలలో చదువు ముగించి, 1928లో కలకత్తా చేరి, సి. వి. రామనుగారి శిష్యులైరి. కాంతికణమునకు బొంగరమువలె భ్రమణగుణము కలదని గురుశిష్యులిరువురును 1931లో ప్రయోగమూలమున చూపిరి. పిదప వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపాధ్యాయులైరి.

విద్యార్థులారా, చక్కగ నేర్పడిన ఉప్పుగల్లు నొకదానిని చూడుడు. అది ఘనాకారముగ నుండును. పావుచుట్టు త్రిప్పినను మునుపటివలెనే యగపడును. రూపము మారని ఇట్టి త్రిప్పులను, ప్రతిబింబములను లెక్కించు గణితమునకు సమూహసిద్ధాంతమని పేరు. స్ఫటికముపై కాంతి పడినపుడు అందలి యే కంపనములు వర్ణపటమున కనబడునో, యేవి కనబడవో, ప్రయోగమునకు ముందే ఈ లెక్క తెలుపగలదు. ఆ కాలమున భౌతికశాస్త్రజ్ఞులే పలువురు దీనికి జంకుచుండిరి! భగవంతముగారు గణితవేత్తయగు టి. వెంకటరాయుడుగారితో గూడి దీనిని వివరించుచు ఆంగ్లమున నొక గ్రంథము వ్రాసిరి. అది 1948లో వాల్తేరునుండియే వెలువడెను.

అయస్కాంత స్ఫటికములలో మరియొక చిక్కు గలదు. అందలి పరమాణువులు చిన్న సూదంటురాళ్ల వంటివి. కాలము వెనుకకు నడచునని భావించినచో వాని దిక్కులు తారుమారగును. ఈ కాలవిపర్యయమును గూడ చేర్చి లెక్కించిన 32 స్ఫటికతరగతులు 90గా విస్తరించును. భగవంతముగారు దీనిని గూర్చియు పరిశోధించిరి.

ఈ లెక్క యిప్పుడెందులకు పనికివచ్చుచున్నది? మిక్కిలి చల్లబరచిన లోహమును అయస్కాంతక్షేత్రమున నుంచి, ఆ బలమును పెంచుచు పోయినచో, లోహపు విద్యున్నిరోధము అలవలె ఎక్కుచు దిగుచు నుండును. షుబ్నికోవ్, డి హాస్ అనువారు 1930లో లైడెను నగరమున బిస్మతునందు దీనిని కనుగొనిరి. ఎలక్ట్రాను ఒక చుట్టు తిరిగివచ్చునప్పటికి దాని తరంగమున నొక అదనపు మార్పు కలుగవచ్చును. దీని స్వరూపమును 1984లో మైకేల్ బెర్రీ వివరించెను. కాంతియందు ఇట్టిదానినే బెంగుళూరున పంచరత్నముగారు 1956లోనే కనిపెట్టియుండిరి. సామాన్య లోహములలో నీ మార్పు శూన్యము. టోపలాజికల్ పదార్థములు కొన్నిటిలో అది అరచుట్టు, కావున ఆ నిరోధపు టలలు ప్రక్కకు జరుగును. ఏ పదార్థమున నిట్లు జరుగవచ్చునో నిర్ణయించుటకు స్ఫటికసౌష్ఠవమును, కాలవిపర్యయమును మొదట చూడవలెను.

భగవంతముగారు 1957 మొదలు 1962 వరకు బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరుగ నుండి, 1989లో దివంగతులైరి. టోపలాజికల్ బంధకమనదగిన పదార్థము ప్రయోగమున తేలినది 2007లో.