అన్నమాచార్యుడు - తిరుమల నిత్యారాధనము

తాళ్ళపాక అన్నమాచార్యుని సారస్వతలోకము పదకవితాపితామహుడని కీర్తించుచున్నది. ఆయన జీవితమును కేవలము కవిజీవితముగా పరిశీలించినచో దాని స్వరూపము పూర్తిగా బోధపడదు. తిరుమలేశుని నిత్యారాధనమే ఆ జీవితమునకు కాలమానము.

పదునాఱవ యేట స్వామి సాక్షాత్కరింపగా శా. శ. 1346 క్రోధి సంవత్సరము (క్రీ. శ. 1424) మొదలు 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (క్రీ. శ. 1503) వరకు ఆయన సంకీర్తనములు రచించినట్లు ఒక రాగిరేకు తెలుపుచున్నది. దీనినిబట్టి జననము 1408 అగును. జన్మస్థలము రాజంపేట సమీపమందలి తాళ్ళపాక. మనుమడు చిన్నన్న తన ద్విపదకావ్యమున ఆయన బాల్యముననే ఇల్లు విడిచి తిరుమల చేరుటను, అహోబలమున శఠకోపయతియొద్ద వేదాంతము నభ్యసించుటను వర్ణించెను. సాళువ నరసింహుడు తనపై పదము చెప్పుమని కోరగా నిరాకరించి సంకెలల పాలగుటయు అందే కలదు. స్వామికి నివేదించిన వాక్కు నరునికి చెల్లదను నిష్ఠయే ఈ కథకు ప్రాణము.

తిరుమలలో అర్చన వైఖానసాగమానుసారముగ సంస్కృతమంత్రములతో జరుగును. ఆళ్వారుల దివ్యప్రబంధము తమిళమున పఠింపబడును. ఈ రెంటి సరసను తెలుగునకు స్థానము కల్పించినవాడు అన్నమాచార్యుడు. మేలుకొలుపు, శుక్రవారాభిషేకము, నైవేద్యము, పవ్వళింపు - ప్రతి సేవకును ఆయన పదములు కలవు. బ్రహ్మోత్సవమున గరుడవాహనము, రథము. వసంతోత్సవము, డోలోత్సవము, కల్యాణము సైతము వానికి వస్తువులైనవి. ఈ దృష్టితో చూచినచో అలమేలుమంగా శ్రీనివాసుల శృంగారపదములు లౌకికప్రణయగీతములు కావు, అవియు కైంకర్యములే.

ఆయన రచించెనని ప్రసిద్ధమైన ముప్పది రెండువేల సంకీర్తనములలో లభించినవి సగమునకు లోపే. కుమారుడు పెదతిరుమలాచార్యుడును, మనుమడు చినతిరుమలాచార్యుడును పదరచనాసంప్రదాయమును కొనసాగించిరి. రాగిరేకులపైకెక్కిన పదములు ఆలయమందలి సంకీర్తనభాండారమున చిరకాలము మరుగుపడియుండెను. ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషివలన అవి ముద్రితములైనవి.

అయినను రేకులు రాగనామములను నిలుపుకొన్నవే గాని స్వరములను నిలుపుకొనలేదు. నేడు వినవచ్చు బాణీలు చాలవఱకు ఆధునికులు కూర్చినవి. సాహిత్యమును లోహము కాపాడినది. గానమును కాపాడవలసినది అవిచ్ఛిన్నమైన సేవ ఒక్కటే. ఆ సేవ సన్నగిల్లినచోట సంగీతమును లుప్తమైనది. ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి నేటికిని నిలిచియుండుటయే ఇందులకు నిదర్శనము. కావున అన్నమాచార్యుని చరిత్రమును పరిశీలించువారు రేకులతోపాటు ఆలయాచారమును గూడ ఆకరముగ గ్రహింపవలెను.