గణకచూడామణి బ్రహ్మగుప్తుడు

బీజగణితము నారంభించు విద్యార్థులలో పలువురకు ఋణసంఖ్యలన్న భయము కలుగుచుండును. శూన్యమనగా ఏమియు లేకుండుట గదా, అంతకంటె తక్కువైనది ఎట్లుండునని వారి సందేహము. ఈ సందేహమును క్రమమైన నియమములతో తీర్చిన మహనీయు డొకడు మన దేశమున నుండెను. అతని చరిత్రమును సంగ్రహముగా నిచట తెలుపుచున్నాము.

బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 598లో జన్మించెను. తండ్రి జిష్ణుగుప్తుడు. నేటి రాజస్థానమందలి భీన్మాల్ పట్టణమునకు ఆ కాలమున భిల్లమాల యని పేరు. ఆ యూరి పేరుతోడనే ఇతనికి భిల్లమాలాచార్యుడను ప్రసిద్ధి కలిగెను. చాపవంశీయుడగు వ్యాఘ్రముఖుడు రాజ్యమేలుచుండగా, 628లో, ముప్పదేండ్ల ప్రాయమున, ఇతడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమను జ్యోతిషగ్రంథమును రచించెను. గ్రహగతులను, గ్రహణములను గణించుటయే దాని ముఖ్యోద్దేశము. ఐనను అందలి పదునెనిమిదవదగు కుట్టకాధ్యాయమున ధనము, ఋణము, శూన్యము అను మూటికిని సంకలన వ్యవకలన గుణకార భాగహార నియమములు శ్లోకరూపమున నున్నవి.

చీనాదేశపు గణకులు అంతకు పూర్వమే ఎఱ్ఱని పుల్లలతో ధనమును, నల్లని పుల్లలతో ఋణమును గుర్తించుచుండిరి. కాని శూన్యమును సైతము ఒక సంఖ్యగా నెంచి, మూటికిని కలిపి నియమములు చెప్పిన గ్రంథములలో మనకు లభించినంతవఱకు ఇదియే మొదటిది.

ధనమనగా కలిమి, ఋణమనగా అప్పు. ఈ పేరులే నియమములకు చక్కని వ్యాఖ్యానము. ఒకనికి 3 రూపాయలు, మఱియొకనికి 8 రూపాయలు అప్పున్న యెడల, ఇరువురి చేతను ఏమియు లేకున్నను, మొదటివాని స్థితియే మేలు. కావున ఋణము 8 కంటె ఋణము 3 పెద్దది. ఆ రెంటికంటెను శూన్యము పెద్దది. 8 రూపాయలు అప్పున్నవానికి 5 రూపాయలు వచ్చినచో ఇంకను 3 రూపాయల అప్పు మిగులును. 8 రూపాయలే వచ్చినచో శూన్యము మిగులును. అప్పును తీసివేయుట సొమ్ము నిచ్చుటతో సమానము. 3 రూపాయల అప్పులు నాలుగింటిని ఋణదాత కొట్టివేసినచో, అప్పుపడినవానికి 12 రూపాయల లాభము కలుగును. ఋణమును ఋణముచే గుణింపగా ధనమగునన్న నియమమునందలి భావ మిదియే.

ఇంతటి ప్రజ్ఞావంతుడును పొరపాటు పడకపోలేదు. శూన్యమును శూన్యముచే భాగించిన శూన్యమే వచ్చునని ఇతడు చెప్పెను. అట్టి భాగహారమునకు అర్థము లేదని నేటి గణితజ్ఞుల నిర్ణయము. భూమి తన చుట్టు తాను తిరుగునని ఆర్యభటుడు చెప్పిన సత్యమును ఇతడు నిరాకరించెను. యౌవనమున రచించిన గ్రంథమందు ఆ మహాపండితుని కఠినముగా విమర్శించెను. అయినను 665లో, అఱువదియేడేండ్ల వయస్సున, ఖండఖాద్యకమను గ్రంథమును రచించునప్పుడు ఆ ఆర్యభటుని గణనపద్ధతినే ఆధారముగా గైకొని, దానికి తన సవరణలను చేర్చెను. పూర్వుల ఋణమును పండితుడు తీర్చుకొను మార్గ మిదియే గదా!

పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు ఇతనిని గణకచక్రచూడామణి యని కొనియాడెను. ఐరోపాలో ఋణసంఖ్యలపై ననుమానము చిరకాలము నిలిచెను. 1758లో సైతము ఇంగ్లండునందు ఫ్రాన్సిస్ మాసెరెస్ అను విద్వాంసుడు వానిని బీజగణితమునుండి తొలగింపవలెనని వాదించుచు గ్రంథము వ్రాసెను. అంతటి పండితునికే సంశయము కలిగియుండగా, మన పిల్లలు తొలినాట తడబడుటలో వింత లేదు. నిరుత్సాహపడక, అప్పును, సొమ్మును తలచుకొని లెక్క చేయుదురుగాక. బ్రహ్మగుప్తుడు వాడిన ధన, ఋణ, శూన్యములను మాటలే నేటికిని మన తెలుగు గణితపుస్తకములలో నున్నవి. ఆ మాటలను పలికినప్పుడెల్ల ఆ మహనీయునికి మనము ఋణపడియున్నామని స్మరింతుము గాక.