అల మీద నిలబెట్టిన డ్యూక్

మొన్న టీవీలో ఓ కుక్క పలకెక్కి, సముద్రపు అల మీద జర్రున జారుకుంటూ ఒడ్డుకొచ్చేసింది. పక్కన మనిషి లేడు, మెడకు గొలుసు లేదు. మా పిల్లలు చప్పట్లు కొడుతుంటే నాకొకటే సందేహం. స్నానానికి బకెట్ చూస్తేనే మంచం కింద దూరే జాతికి ఇంత ధైర్యం ఎలా నేర్పారమ్మా అని!

చదివితే తెలిసింది, ఆ చదువు నీళ్ళలో మొదలవదట. ముందు పెరట్లో గడ్డి మీద పలక వేస్తారు. దానంతటది ఎక్కి నిలబడితే ఓ బిస్కెట్ ముక్క. దిగి పారిపోతే తిట్టరు, మళ్ళీ నిన్నటి పాఠం. కుదురుగా నిలబడ్డాక పలకను కాస్త ఊపుతారు. ఆ తర్వాత కదలని నీళ్ళు, పక్కనే తెలిసిన మనిషి చెయ్యి. ఒంటికి లైఫ్ జాకెట్ తొడిగి చిన్న నురగ అల మీదకి వదిలేది అన్నిటికంటే ఆఖర్న. కొందరైతే మొదట్లో కుక్కని ముందు పెట్టుకుని తామూ అదే పలకెక్కుతారు.

ఇదేం కొత్త వింత కాదండీ. హవాయి దీవుల్లోని వైకీకీ బీచ్‌లో స్కూటర్ బాయ్ అని అందరూ పిలిచే ఓ యువకుడు, శాండీ అనే తన కుక్కని పలక ముందు నిలబెట్టుకుని 1930లలోనే అలల మీద తిరిగాడు. ఆ ఒడ్డునే పెరిగి, ఈ ఆటని లోకానికంతటికీ పరిచయం చేసిన మనిషి డ్యూక్ కహనమోకు.

డ్యూక్ అన్నది బిరుదు కాదు, పేరే. 1890లో హోనలూలూలో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు తండ్రీ, ఓ బంధువూ కలిసి పడవలోంచి నీళ్ళలోకి విసిరేసి ఈత నేర్పారట. నాకైతే ఆ పద్ధతి నచ్చలేదు. పిల్లాడు బతికి బయటపడ్డాడు కాబట్టి ముచ్చటగా చెప్పుకున్నారు గానీ! ఆయన పలక పదహారడుగుల పొడవు, దరిదాపు సిమెంటు బస్తా అంత బరువు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం, 1920లో ఆంట్‌వెర్ప్‌లో మరో రెండు గెలిచాడు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం పతకాలు కాదు, 1915 ఆరంభంలో సిడ్నీ దగ్గర జరిగిన సంగతి. ఈత పోటీలకని ఆస్ట్రేలియా వెళ్ళిన డ్యూక్, అక్కడ దొరికిన కలపతోనే స్వయంగా పలక చెక్కుకుని అలలెక్కి చూపించాడు. తర్వాత ఇసాబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయిని తన పలక మీదే ముందు కూర్చోబెట్టుకున్నాడు. అల లేచేసరికి, కొండ అంచు నుంచి పడిపోతున్నట్టనిపించి ఆ పిల్ల వద్దు వద్దని కేకలు. ఆయన ఆ అలని వదిలేశాడు. ఇంకోటి వచ్చింది, మళ్ళీ వద్దంది. చివరికి ఓ అల మీద, కుక్కపిల్లని పట్టుకున్నట్టు మెడ వెనక పట్టుకుని లేపి నిలబెట్టాడు! ఆ అల మీద ఆ పిల్ల నిలబడింది.

ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పట్టుకుని నిలబెట్టాలో తెలుసుకోవడం ఎంత కష్టమో, పిల్లలకి సైకిల్ నేర్పిన తల్లులకి బాగా తెలుసు. ఇసాబెల్ తర్వాత అమెరికా వెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈత నేర్పింది. తిరిగొచ్చాక సిడ్నీలోనూ నేర్పింది. తొంభై అయిదేళ్ళు బతికి 1995లో పోయింది.

ఆ పలకే ప్రాణాలు కూడా కాపాడింది. 1925 జూన్‌లో కాలిఫోర్నియా తీరంలో ఓ పడవ బోల్తా పడితే, డ్యూక్ పలక మీద మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. పదిహేడు మంది దక్కలేదు.

ఇంత పేరొచ్చినా డబ్బు మాత్రం రాలేదు. ఒలింపిక్ వీరుడు పెట్రోల్ బంకులో పనిచేశాడు. తర్వాత హోనలూలూ షెరీఫ్‌గా ఎన్నికై ఏళ్ళ తరబడి ఉన్నాడు. యాభైకి దగ్గరపడుతుండగా, 1940లో, డాన్స్ టీచర్ నదీన్‌ని పెళ్ళాడాడు.

1968 జనవరిలో పోయాడు. ఆయన బూడిదని పడవల మీద తీసుకెళ్ళి వైకీకీ సముద్రంలోనే కలిపారు.