గాజు పలకపై క్యాన్సర్‌ను పట్టిన శాస్త్రవేత్త - డాక్టర్ జార్జ్ పాపనికోలౌ



క్యాన్సర్ అనే మాట వినగానే మన ఇళ్లలో అందరికీ భయం వేస్తుంది. ఆ జబ్బు వస్తే ఇక బతకరని చాలామంది అనుకుంటారు. కానీ స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది ముదరకముందే కనిపెట్టవచ్చని చూపించిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ జార్జ్ పాపనికోలౌ. ఆయన గురించి మేము తెలుసుకున్న విషయాలను ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

బాల్యం - చదువు

పాపనికోలౌ 1883 మే 13న గ్రీసు దేశంలోని కిమి అనే ఊరిలో జన్మించారు. తండ్రి వైద్యుడు. కుమారుడు కూడా 1904లో ఏథెన్స్‌లో వైద్య విద్య పూర్తి చేశారు. కానీ ఆయన మనసు పరిశోధన వైపే లాగింది. జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి 1910లో డాక్టరేట్ సాధించారు. అదే సంవత్సరం ఆండ్రోమకీని వివాహం చేసుకున్నారు. ఆమెను అందరూ మేరీ అని పిలిచేవారు.

పొట్టకూటి కోసం పాట్లు

1913లో భార్యాభర్తలు అమెరికాలోని న్యూయార్క్ చేరుకున్నారు. చేతిలో డబ్బు అంతంతమాత్రమే. ఇంగ్లీషు కూడా రాదు. అంత చదివిన డాక్టరు దుకాణంలో తివాచీలు అమ్మారు, హోటళ్లలో వయొలిన్ వాయించారు. మేరీ బట్టలకు గుండీలు కుట్టారు. ఏ పనినీ వారు చిన్నతనంగా భావించలేదు. మరుసటి సంవత్సరం కార్నెల్ వైద్య కళాశాలలో ఆయనకు పరిశోధన చేసే అవకాశం దొరికింది.

గినీ పందుల నుండి మానవుల వరకు

అక్కడ ఆయనకు గినీ పందుల అండాలు సరైన సమయంలో కావలసి వచ్చేవి. ఆ సమయం పైకి తెలియదు కనుక ఎన్నో జంతువులను వృథాగా చంపవలసి వచ్చేది. ఆయన బాగా ఆలోచించి, ముక్కు పరీక్షకు వాడే చిన్న పరికరంతో వాటి యోని ద్రవాన్ని రోజూ తీసి, గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూశారు. రోజులను బట్టి కణాల రూపం మారుతున్నట్లు కనిపించింది. 1917లో స్టోకార్డ్‌తో కలిసి ఈ విషయాన్ని ప్రచురించారు. హార్మోన్ల పరిశోధనకు ఈ పద్ధతి ఎంతో తోడ్పడింది.

తరువాత మనుషుల్లో కూడా ఇదే పరీక్ష మొదలుపెట్టారు. భార్య మేరీయే ముందుకు వచ్చి ఎన్నో ఏళ్లపాటు నమూనాలు ఇచ్చారు. జీతం లేకుండా ప్రయోగశాలలో సహాయం కూడా చేశారు. ఆసుపత్రిలోని స్త్రీల నమూనాలు చూస్తుండగా కొన్నింటిలో క్యాన్సర్ కణాలు స్పష్టంగా కనిపించాయి.

ఎగతాళి నుండి గెలుపు

1928లో ఒక సదస్సులో ఆయన ఈ విషయం చెబితే వైద్యులు పట్టించుకోలేదు. ముక్క కోసి చేసే పరీక్ష ఉండగా ఇదెందుకని తేలికగా తీసిపారేశారు. అదే కాలంలో రుమేనియా వైద్యుడు బాబెష్ కూడా విడిగా ఇలాంటి పద్ధతినే ప్రకటించారు. పాపనికోలౌ నిరాశపడి పని మానలేదు. పదేళ్ల తరువాత డాక్టర్ హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి మళ్లీ చేపట్టి 1941లో ఫలితాలను, 1943లో పుస్తకాన్ని ప్రచురించారు. అప్పుడు లోకం ఒప్పుకుంది. ఆయన పేరు మీదే అది పాప్ పరీక్షగా ప్రసిద్ధి చెందింది. 1950లో లాస్కర్ అవార్డు లభించింది. నోబెల్ మాత్రం రాలేదు. 1962 ఫిబ్రవరి 19న మయామీలో గుండెపోటుతో కన్నుమూశారు. 1995లో గ్రీసు దేశం పది వేల డ్రాక్మాల నోటుపై ఆయన బొమ్మ ముద్రించి గౌరవించింది.

మనం నేర్చుకోవలసింది

మంచి కణం క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుంది. ఆ లోపు కనిపెడితే చిన్న చికిత్సతో ప్రాణం దక్కుతుంది. పరీక్షలు బాగా జరిగిన దేశాల్లో మరణాలు ఎంతో తగ్గాయి. కానీ మన దేశంలో 2022లో సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ జబ్బు వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. మందు లేకనా? కాదు. సిగ్గుతో చెప్పరు, ఒక రోజు కూలి పోతుందని ఆసుపత్రికి వెళ్లరు. ఆ వెళ్లని వాళ్లు ఎవరో కాదు, మన అమ్మలు, పిన్నులు, పెద్దమ్మలే. పరీక్ష ఎంత గొప్పదైనా, చేయించుకోని వారిని కాపాడలేదు కదా!

30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ క్యాన్సర్ కోసం పరీక్షలు చేస్తున్నారు. ఆడపిల్లలకు టీకా కూడా ఉంది. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మేము మా అమ్మలకు ఈ సంగతి చెప్పాలని నిర్ణయించుకున్నాము. మీరు కూడా సిగ్గుపడకుండా చెప్పండి. పాపనికోలౌ గారికి మనం అర్పించే నిజమైన నివాళి అదే.