కలూగా బడిపంతులు త్సియోల్కోవ్‌స్కీ

భూమిని విడిచి ఆకాశమున ఇల్లు కట్టుకొని మానవుడు బ్రతుకగలడా అను ప్రశ్నకు కథలలో సమాధానాలు ఎన్నో కలవు. లెక్క కట్టి సమాధానం చెప్పబూనిన తొలివారిలో ఒకరు బడిపంతులు. ఆయన పేరు కన్‌స్తంతీన్ త్సియోల్కోవ్‌స్కీ. ఉపాధ్యాయులు, వారివద్ద చదివినవారు కలిసి చదువుకొనే ఈ సంచికలో ఆయనను స్మరించుట ఉచితమని నా భావన.

1857 సెప్టెంబరు 17న రష్యాలోని రియజాన్ ప్రాంతమున ఇజెవ్‌స్కోయె గ్రామంలో జన్మించారు. పదేళ్ళ ప్రాయమున వచ్చిన స్కార్లెట్ జ్వరం ఆయన వినికిడిని చాలవరకు హరించింది. ఉపాధ్యాయుడు చెప్పేది వినబడక బడి విడువవలసి వచ్చింది. పదమూడవ ఏట తల్లి గతించారు. పదహారవ ఏట తండ్రి మాస్కో పంపగా, అక్కడి గ్రంథాలయమే ఆయనకు పాఠశాల అయింది. ఇంటినుండి వచ్చే కొద్దిపాటి సొమ్మును పుస్తకాలకు, ప్రయోగ సామగ్రికి వెచ్చించి, నల్లరొట్టె తిని మూడేళ్ళు గడిపారు. చిక్కిశల్యమైన కుమారుని తండ్రి వెనుకకు రప్పించుకొన్నారు.

1879లో ఉపాధ్యాయ పరీక్షలో ఉత్తీర్ణులై, మరుసటి ఏడు బొరోవ్‌స్క్ పట్టణంలో గణితం బోధింప నారంభించారు. 1892లో కలూగాకు బదిలీ అయి, శేషజీవితం అక్కడనే గడిపారు. పాఠం చెప్పవలసిన మనిషికి చెవులు వినబడకపోతే ఎంత కష్టమో మన ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. రేకుతో తానే చేసుకొన్న గొట్టాన్ని చెవికి ఆనించుకొని ఎదుటివారి మాట వినేవారు. ఒకమారు అగ్నిప్రమాదం, మరొకమారు 1908లో ఓకా నది వరద ఆయన కాగితాలను పాడుచేశాయి. అయినా వ్రాత ఆగలేదు.

1903లో ప్రచురితమైన వ్యాసంలో, రాకెట్టు ద్వారానే అంతరిక్షం చేరుట సాధ్యమని గణితపూర్వకంగా నిరూపించారు. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లు ఇంధనంగా తగినవని సూచించారు. అయితే నాకు అంతకన్న ఆశ్చర్యం కలిగించేది, చేరిన తరువాత ఎట్లు బ్రతకాలన్న విషయమై ఆయన చేసిన ఆలోచన. బయలుదేరునప్పటి ఒత్తిడికి దేహం తట్టుకొనుటెట్లు? ఉప్పునీటిలో కోడిగ్రుడ్డునుంచి, పాత్రను గట్టిగా కొట్టి చూశారు. గ్రుడ్డు పగులలేదు. మనిషినీ ద్రవంలో ఉంచి కాపాడవచ్చునని తలచారు. గాలి, ఆహారం ఎట్లు? అద్దాల తోటలో మొక్కలు పెంచాలి. మనుషులు విడిచిన బొగ్గుపులుసు వాయువును అవి గ్రహించి, ప్రాణవాయువును, కాయగూరలను ఇస్తాయి. భారము లేని లోటు తీరాలంటే నివాసాన్ని తిప్పుతూ ఉండాలి. 1920లో వెలువడిన ఒక నవలలోను ఇటువంటి నివాసాలనే వర్ణించారు.

1935 సెప్టెంబరు 19న కలూగాలో కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1957లో స్పుత్నిక్ ఎగిరింది. 1961లో గగారిన్ వెళ్ళివచ్చారు. మన రాకేశ్ శర్మ 1984లో దాదాపు 8 రోజులు సల్యూత్-7 యాత్రలో గడిపారు. 1994-95లో వలేరీ పొల్యాకోవ్ వరుసగా 437 రోజులు ఉండి, సజీవంగా తిరిగివచ్చారు.

ఐనను పంతులుగారి లెక్కలో సగమే నెరవేరింది. మనుషులు నివసించే తిరుగుడు గృహం ఇంకను నిర్మింపబడలేదు. భారము లేనందున వ్యోమగాముల ఎముకలు, నడుము, తుంటి భాగాలలో నెలకు నూటికి ఒక పాలు వరకు క్షీణిస్తున్నాయి. తగ్గించుటకు ప్రతిదినం రెండు గంటల వ్యాయామం తప్పదు. భోజనం భూమినుండే పోవుచున్నది. ఆ తోట మాటకు వస్తే, 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మెంతులను, పెసలను మొలకెత్తించారు.